1920 ఆంట్‌వెర్ప్ ఐస్ హాకీ పతకాల లెక్క: బెర్గ్వాల్ పద్ధతి పట్టిక చేత్తో వేయడం ఎలా

ఒక జట్టు ఆరు మ్యాచ్‌లు ఆడింది, మూడు గెలిచింది, 17 గోల్స్ కొట్టింది. పతకం మాత్రం రాలేదు. ఇంకో జట్టు మూడే ఆడి ఒకటే గెలిచింది. కొట్టిన గోల్ ఒక్కటి, తిన్నవి 31. దానికి కాంస్యం దక్కింది. మొదటిది స్వీడన్, రెండోది చెకోస్లోవేకియా. 1920 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో జరిగిన ఒలింపిక్ ఐస్ హాకీ ఫలితాలను మొదటిసారి చూసినవాళ్ళు ఎక్కడో అచ్చుతప్పు పడిందనుకుంటారు. తప్పేమీ లేదు. ఆ పోటీ నడిచింది బెర్గ్వాల్ పద్ధతిలో, అంటే బంగారం, వెండి, కాంస్యం మూడింటికీ వేరువేరు నాకౌట్ పట్టికలు వేసే పద్ధతిలో. దాన్ని ఒకసారి కాగితం మీద మొదటి నుంచి చివరిదాకా వేసి చూస్తే ఆ అంకెలన్నీ ఎక్కడివక్కడ సరిపోతాయి. చదివి అర్థం చేసుకుందామంటే చిక్కుపడుతుంది, వేసి చూస్తే తేలిపోతుంది. అందుకే ఈ వివరణంతా చేత్తో చేసే పనిగా రాస్తున్నాం.

కావలసినవి: ఒక పెద్ద తెల్లకాగితం, రెండు రంగుల పెన్నులు, జట్ల పేర్లు రాసిన ఏడు చీటీలు. ఒక గంట సరిపోతుంది.

అంకెలు చదివే ముందు ఆట నియమాలు

ఇప్పటి ఐస్ హాకీని మనసులో పెట్టుకుని ఆ స్కోర్లు చదివితే తప్పు అర్థం వస్తుంది. అప్పుడు మంచు మీద ఒక్కో జట్టుకు ఏడుగురు దిగేవాళ్ళు. గోల్‌కీపర్, ఇద్దరు డిఫెన్స్, ఒక సెంటర్, రెండు వింగ్‌లు, వీళ్ళు కాక రోవర్ అని ఏడో మనిషి. రోవర్‌కు స్థిరమైన చోటు ఉండదు, దాడిలోకీ రక్షణలోకీ తిరుగుతూ ఉంటాడు. ఇప్పటిలా మూడు పీరియడ్‌లు కాదు, 20 నిమిషాల భాగాలు రెండు. పక్‌ను, అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళను, ముందున్న సహచరుడికి అందించడానికి వీల్లేదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి, లేకపోతే తానే తీసుకుపోవాలి. అంటే స్కేటింగ్‌లో వేగం, పక్‌ను కర్రకు అంటించుకుని పరుగెత్తే నేర్పు ఉన్నవాడిదే రాజ్యం.

అన్నిటికంటే ముఖ్యమైనది, మ్యాచ్ మధ్యలో ఆటగాళ్ళను మార్చే వీలు లేదు. దెబ్బ తగిలి ఒకడు బయటికి వెళితే ఎదుటి జట్టు కూడా ఒకణ్ణి తీసేయాలి. దిగిన ఏడుగురే 40 నిమిషాలూ ఆడాలి. కాగితం పైన మూలలో ఈ మాట రాసి పెట్టుకోండి, తేదీల దగ్గరికి వచ్చేసరికి దీని అవసరం పడుతుంది.

ఏడు జట్లు: కెనడా, అమెరికా, స్వీడన్, చెకోస్లోవేకియా, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, బెల్జియం. కెనడా అన్నచోట దేశమంతా వెతికి ఏరిన జట్టు అనుకోకండి. ఆ ఏడాది కెనడా అమెచ్యూర్ జట్ల పోటీ అలన్ కప్ గెలిచిన విన్నిపెగ్ ఫాల్కన్స్ క్లబ్బునే పంపారు. కెప్టెన్ ఫ్రాంక్ ఫ్రెడరిక్సన్. జట్టులో ఒక్కరు తప్ప అందరూ ఐస్‌లాండ్ నుంచి కెనడాకు వలస వెళ్ళిన కుటుంబాల పిల్లలే. స్వీడన్ వాళ్ళలో చాలామంది బ్యాండీ ఆడుతూ వచ్చినవాళ్ళు. బ్యాండీ కూడా మంచు మీద ఆడేదే గాని, అందులో పక్ ఉండదు, బంతి ఉంటుంది. మైదానం ఫుట్‌బాల్ మైదానమంత ఉంటుంది, జట్టుకు పదకొండు మంది. స్వీడన్ వాళ్ళు స్కేటింగ్‌లో గట్టివాళ్ళే, ఈ ఆటకు మాత్రం కొత్త.

మొదటి పట్టిక: బంగారం కోసం

ఇది మనకు తెలిసిన నాకౌట్. కాగితం ఎడమవైపు ఎనిమిది గీతలు గీయండి. ఏడే జట్లు కాబట్టి ఒక గీత ఖాళీగా మిగులుతుంది. దాని ఎదురుగా పడ్డ జట్టుకు బై, అంటే ఆడకుండానే తర్వాతి రౌండుకు వెళుతుంది. ఆంట్‌వెర్ప్‌లో మొదటి బై ఫ్రాన్స్‌కు వచ్చింది.

చీటీలను ఈ వరసలో పేర్చండి. పై సగంలో స్వీడన్ ఎదురుగా బెల్జియం, దాని కింద ఒంటరిగా ఫ్రాన్స్. కింది సగంలో అమెరికా ఎదురుగా స్విట్జర్లాండ్, కెనడా ఎదురుగా చెకోస్లోవేకియా. ఇక ఫలితాలు నింపండి. తేదీ రాయడం మరిచిపోవద్దు.

ఏప్రిల్ 23: స్వీడన్ 8, బెల్జియం 0.
ఏప్రిల్ 24: అమెరికా 29, స్విట్జర్లాండ్ 0.
ఏప్రిల్ 24: కెనడా 15, చెకోస్లోవేకియా 0.
ఏప్రిల్ 25: స్వీడన్ 4, ఫ్రాన్స్ 0.
ఏప్రిల్ 25: కెనడా 2, అమెరికా 0.
ఏప్రిల్ 26: కెనడా 12, స్వీడన్ 1.

ఆ 29 చూసి ఆగిపోకండి, అది నిజమైన అంకే. 40 నిమిషాల్లో 29 అంటే దాదాపు ప్రతి 83 సెకన్లకు ఒక గోల్. ఈ పోటీలో ఆటలు రెండు స్థాయిల్లో నడిచాయి. ఉత్తర అమెరికా జట్లు రెండూ ఒక మెట్టు, యూరప్ జట్లు ఇంకో మెట్టు. కెనడా, అమెరికా తలపడ్డ 2–0 మ్యాచ్ ఒక్కటే పై మెట్టు మీద జరిగిన పోరు. బలం ప్రకారం చూస్తే అసలు ఫైనల్ అదే. ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు తీసి తేల్చే డ్రా వల్ల అది సెమీఫైనల్లోనే పడింది. బెర్గ్వాల్ పద్ధతి అవసరం ఇక్కడే కనిపిస్తుంది. మామూలు నాకౌట్ అయితే అమెరికా అక్కడితో సరి, ఫైనల్లో 12–1తో చిత్తయిన స్వీడన్‌కు వెండి.

ఈ పట్టికలో బంగారం ఒక్కటే తేలుతుంది. కెనడా పేరు చుట్టూ గీత గీసి పక్కన పెట్టండి, ఆ జట్టు పని అయిపోయింది. వెండి ఎవరిదో ఇప్పుడే రాయకండి.

ఓటముల ఖాతా

కాగితం మధ్యలో రెండు గడుల పట్టిక గీయండి. ఎడమ గడిలో ఓడిన జట్టు, కుడి గడిలో ఎవరి చేతిలో ఓడిందో. స్కోరు అక్కర్లేదు. ఎంత తేడాతో ఓడారన్న దానికి ఈ పద్ధతిలో విలువ లేదు.

బెల్జియం, స్వీడన్ చేతిలో.
స్విట్జర్లాండ్, అమెరికా చేతిలో.
చెకోస్లోవేకియా, కెనడా చేతిలో.
ఫ్రాన్స్, స్వీడన్ చేతిలో.
అమెరికా, కెనడా చేతిలో.
స్వీడన్, కెనడా చేతిలో.

మొత్తం పద్ధతికి గుండెకాయ ఈ ఆరు వరసలే. మిగిలిన రెండు పతకాలకు ఎవరు పోటీపడాలో తేల్చేది కుడివైపు గడి. ఒక జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలిచిందని ఇక్కడ ఎవరూ అడగరు, నిన్ను ఓడించింది ఎవరని అడుగుతారు. నిన్ను ఓడించినవాడు విజేత అయితే నీకు ఇంకో అవకాశం ఉంది. కాకపోతే లేదు.

ఈ తర్కం మనకు కొత్తది కాదు. కుస్తీలో రెపషాజ్ ఇలాంటిదే. 2008 బీజింగ్‌లో సుశీల్ కుమార్ తన మొదటి పట్టులోనే ఉక్రెయిన్‌కు చెందిన స్టాడ్నిక్ చేతిలో ఓడాడు. ఆ స్టాడ్నిక్ ఫైనల్‌కు చేరాడు కాబట్టి సుశీల్‌కు మళ్ళీ దారి తెరుచుకుంది, కాంస్యం తెచ్చాడు. 2016 రియోలో సాక్షి మలిక్‌దీ ఇదే దారి. తేడా ఏమిటంటే, కుస్తీలో ఫైనల్‌కు చేరిన ఇద్దరి చేతుల్లో ఓడినవాళ్ళూ తిరిగి వస్తారు, అదీ కాంస్యం కోసం మాత్రమే. బెర్గ్వాల్ పద్ధతిలో మొదట బంగారు విజేత చేతిలో ఓడినవాళ్ళు మాత్రమే వస్తారు. వాళ్ళు వచ్చేది వెండి కోసం.

పద్ధతికి ఆ పేరు స్వీడన్‌కు చెందిన ఎరిక్ బెర్గ్వాల్ వల్ల వచ్చింది. ఐస్ హాకీ కంటే ముందు 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో వాటర్‌పోలోకు వాడారు.

రెండో పట్టిక: వెండి కోసం

ఖాతాలో కుడి గడిలో కెనడా పేరున్న వరసలను రంగు పెన్నుతో గుర్తుపెట్టండి. మూడు దొరుకుతాయి: చెకోస్లోవేకియా, అమెరికా, స్వీడన్. ఈ మూడే వెండికి పోటీదారులు. మూడు జట్లంటే మళ్ళీ ఒక బై. అది చెకోస్లోవేకియాకు పడింది.

ఏప్రిల్ 27: అమెరికా 7, స్వీడన్ 0.
ఏప్రిల్ 28: అమెరికా 16, చెకోస్లోవేకియా 0.

వెండి అమెరికాది. ఇది న్యాయమైన ఫలితమని స్కోర్లే చెబుతున్నాయి. సెమీస్‌లో కెనడాతో తలపడాల్సి రావడం అమెరికా తప్పు కాదు, ఆ డ్రా దురదృష్టాన్ని ఈ రెండో పట్టిక సరిచేసింది. పద్ధతి తాను చేయాల్సిన పని ఇక్కడ చక్కగా చేసింది.

వేసేటప్పుడు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ పట్టికలో ఎవరూ అంతకుముందు ఒకరితో ఒకరు ఆడి ఉండరు. ముగ్గురినీ పోటీ నుంచి తప్పించింది కెనడాయే కాబట్టి వాళ్ళు ముందే ఎదురుపడే అవకాశం లేదు. ఏ నాకౌట్‌లోనైనా ఇంతే. మీ వెండి పట్టికలో పాత మ్యాచ్ ఏదైనా మళ్ళీ కనిపిస్తే ఖాతా రాయడంలో పొరపాటు చేశారన్నమాట.

మూడో పట్టిక: కాంస్యం కోసం

ఇప్పుడు ఖాతాను పొడిగించండి. వెండి పట్టికలోని రెండు ఓటములనూ చేర్చండి: స్వీడన్, అమెరికా చేతిలో, చెకోస్లోవేకియా, అమెరికా చేతిలో. తర్వాత కుడి గడిలో కెనడా గాని అమెరికా గాని ఉన్న ప్రతి వరసనూ గుర్తుపెట్టండి. ఒకే జట్టు రెండుసార్లు వస్తే ఒక్కసారే లెక్క. పతకం వచ్చిన అమెరికాను తీసేయండి. మిగిలేవి చెకోస్లోవేకియా, స్వీడన్, స్విట్జర్లాండ్.

ఇక్కడ కొత్తగా వచ్చింది స్విట్జర్లాండ్. 29–0తో ఓడిన జట్టు పతకం పోటీలో ఎలా ఉందని అడిగితే జవాబు ఇదే: ఓడింది అమెరికా చేతిలో, అమెరికా వెండి గెలిచింది. అమెరికా వెండి గెలవకపోయి ఉంటే స్విస్ జట్టుకు ఈ చోటు దక్కేది కాదు. మూడు జట్లు కాబట్టి మరో బై. ఈసారి కూడా చెకోస్లోవేకియాకే.

ఏప్రిల్ 28: స్వీడన్ 4, స్విట్జర్లాండ్ 0.
ఏప్రిల్ 29: చెకోస్లోవేకియా 1, స్వీడన్ 0.

ఆ ఒక్క గోల్ కొట్టింది యోసెఫ్ ష్రౌబెక్. పోటీ మొత్తంలో చెకోస్లోవేకియా గోల్ అదొక్కటే, దానితోనే కాంస్యం. ఆ జట్టును అనామకమని తీసిపారేయడం మాత్రం సరికాదు. ఆ ఆటగాళ్ళు వచ్చిన, తర్వాత చెకోస్లోవేకియాలో భాగమైన బొహీమియా, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు 1911లోనూ 1914లోనూ యూరప్ ఛాంపియన్.

ఫ్రాన్స్, బెల్జియం ఈ పట్టికలోకి రావు. రెండూ ఓడింది స్వీడన్ చేతిలో, స్వీడన్‌కు బంగారమూ లేదు, వెండీ లేదు. ఒక్కో మ్యాచ్‌తో వాళ్ళ పని అయిపోయింది. బెల్జియం అయితే సొంతగడ్డ మీద మొదటి రోజే బయటికి వెళ్ళిపోయింది.

సరిచూసుకోవడం

పట్టికలు మూడూ అయ్యాక లెక్క సరిపోయిందో లేదో చూడకుండా వదలకండి. మొత్తం మ్యాచ్‌లు 10 రావాలి: బంగారానికి ఆరు, వెండికి రెండు, కాంస్యానికి రెండు. ఒక్కో జట్టు ఆడినవి కూడితే 20 రావాలి: స్వీడన్ 6, అమెరికా 4, కెనడా 3, చెకోస్లోవేకియా 3, స్విట్జర్లాండ్ 2, ఫ్రాన్స్ 1, బెల్జియం 1.

గోల్స్ సంగతి. కొట్టినవి: అమెరికా 52, కెనడా 29, స్వీడన్ 17, చెకోస్లోవేకియా 1, మిగతా మూడు జట్లు సున్నా. మొత్తం 99. తిన్నవి: స్విట్జర్లాండ్ 33, చెకోస్లోవేకియా 31, స్వీడన్ 20, బెల్జియం 8, ఫ్రాన్స్ 4, అమెరికా 2, కెనడా 1. ఇదీ 99. రెండు మొత్తాలూ కలవకపోతే ఎక్కువసార్లు కారణం ఒకటే, స్వీడన్ గళ్ళలో ఏదో మ్యాచ్ వదిలేసి ఉంటారు. ఆ జట్టు మూడు పట్టికల్లోనూ ఉంది కాబట్టి జారిపోవడం తేలిక.

ఎక్కడ తప్పు పడుతుంది

అందరూ చేసే తప్పు, ఏప్రిల్ 26 మ్యాచ్‌ను ఫైనల్ అనుకుని ఓడిన స్వీడన్ ఎదురుగా వెండి అని రాసేయడం. అది బంగారు పట్టికకు ఫైనల్ మాత్రమే. ఈ పద్ధతిలో ప్రతి పతకానికీ తన ఫైనల్ తనకుంటుంది.

రెండో తప్పు ఫ్రాన్స్‌ను సెమీఫైనలిస్టుగా చూసి కాంస్యం పోటీలో చేర్చడం. ఫ్రాన్స్ అక్కడిదాకా వెళ్ళింది బై వల్ల, ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఒకవేళ గెలిచి వచ్చినా తేడా ఉండదు, ఓడింది స్వీడన్ చేతిలో.

ఇక 5, 6, 7 స్థానాలు. కొన్ని జాబితాల్లో స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, బెల్జియం అని వరసగా రాస్తారు. ఆ వరసను తేల్చే మ్యాచ్‌లు జరగలేదు. ఫ్రాన్స్, బెల్జియం ఒకదానితో ఒకటి ఆడలేదు, రెండిటితోనూ స్విట్జర్లాండ్ ఆడలేదు. మీ కాగితం మీద నాలుగో స్థానం వరకే రాయండి, ఎందుకంటే కాంస్యం ఫైనల్లో ఓడిన స్వీడన్‌కు నాలుగు న్యాయంగానే వస్తుంది. అక్కడినుంచి కింది మూడింటికీ అంకె వేయకుండా వదిలేయడమే నిజాయితీ.

ఇంకో చిన్నది: శీర్షికలో శీతాకాల ఒలింపిక్స్ అని రాయకండి. ఏప్రిల్‌లో జరిగినా ఇది 1920 వేసవి ఒలింపిక్స్‌లో భాగం. శీతాకాల క్రీడల్లో ఐస్ హాకీ 1924లో ఫ్రాన్స్‌లోని షామొనీతో మొదలైంది. అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ఆంట్‌వెర్ప్ పోటీని మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌గా కూడా లెక్కలోకి తీసుకుంటుంది, కాబట్టి ఆ పేరు రాసినా తప్పులేదు.

తేదీల పట్టీ: అసలు కథ ఇక్కడుంది

ఇప్పుడు కాగితం అడుగున ఏప్రిల్ 23 నుంచి 29 వరకు ఏడు గళ్ళు గీయండి. స్వీడన్ ఆడిన రోజులకు ఒక రంగు, చెకోస్లోవేకియా ఆడిన రోజులకు ఇంకో రంగు వేయండి.

స్వీడన్: 23, 25, 26, 27, 28, 29. చెకోస్లోవేకియా: 24, 28, 29.

స్వీడన్‌కు వారంలో దొరికిన విశ్రాంతి 24వ తేదీ ఒక్కటే. 25 నుంచి వరుసగా అయిదు రోజులు అయిదు మ్యాచ్‌లు. వాటిలో రెండు కెనడాతో, అమెరికాతో, ఒకదాని వెంట ఒకటి. మూలలో రాసి పెట్టుకున్న మాట ఇప్పుడు చదవండి: మ్యాచ్ మధ్యలో ఆటగాళ్ళను మార్చే వీలు లేదు. చెకోస్లోవేకియా 24న ఆడి, మూడు రోజులు కూర్చుని, 28న అమెరికాతో, 29న స్వీడన్‌తో ఆడింది. 29 నాటి 1–0 స్కోరును ఈ రెండు రంగులు పక్కపక్కన పెట్టుకునే చదవాలి.

పద్ధతిలో అసలైన లోపం బయటపడేది కూడా ఈ పట్టీలోనే. ఎవరు ఆడాలో ఖాతా తేలుస్తుంది, ఎప్పుడు ఆడాలో, బై ఎవరికో తేల్చదు. చెకోస్లోవేకియాకు వెండి పట్టికలో ఒక బై, కాంస్యం పట్టికలో ఇంకో బై వచ్చాయి. అందుకే ఒక్క గెలుపుతో పతకం చేతికందింది. 26న ఫైనల్ ఆడిన స్వీడన్‌కు వెండి పట్టికలో బై ఇచ్చి ఉంటే, 27న అమెరికా, చెకోస్లోవేకియా ఆడేవి, స్వీడన్‌కు ఒక రోజు ఊపిరి దొరికేది. వెండి ఫలితం బహుశా మారేది కాదు. కాంస్యం మారేదో లేదో చెప్పలేం గాని, పోటీ సమంగా ఉండేది. బై అనేది చీటీ తీసి ఇచ్చే వరం కాకూడదు, చివరగా ఆడిన జట్టుకు ఇచ్చే విశ్రాంతి కావాలి. ఈ పద్ధతిని ఎవరు వాడినా ఈ ఒక్క సవరణ చేసుకోవాలన్నది మా గట్టి అభిప్రాయం.

పద్ధతి పట్టుబడిందా: మూడు అభ్యాసాలు

ఖాతా వరసలు మార్చి మళ్ళీ వేసి చూడండి.

మొదటిది: 25న అమెరికా కెనడాను ఓడించి, 26న స్వీడన్‌ను కూడా ఓడించిందనుకోండి. బంగారం అమెరికాది. దాని చేతిలో ఓడినవి స్విట్జర్లాండ్, కెనడా, స్వీడన్. వెండి కెనడా గెలుస్తుందనుకుంటే, కాంస్యానికి స్విట్జర్లాండ్, స్వీడన్, కెనడా చేతిలో ఓడిన చెకోస్లోవేకియా. కాంస్యం పట్టికలో నిజంగా ఆడిన ఆ మూడు జట్లే మళ్ళీ వచ్చాయి. పై రెండూ స్థానాలు మార్చుకున్నా కింద ఏమీ మారలేదు, పద్ధతికి ఇది మంచి గుణం.

రెండోది: 25న ఫ్రాన్స్ స్వీడన్‌ను ఓడించి, ఫైనల్లో కెనడా చేతిలో ఓడిందనుకోండి. వెండికి చెకోస్లోవేకియా, అమెరికా, ఫ్రాన్స్. అమెరికా గెలిస్తే కాంస్యానికి చెకోస్లోవేకియా, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్. బెల్జియం మీద 8–0తో గెలిచిన స్వీడన్ రెండు మ్యాచ్‌లతో ఇంటికి వెళుతుంది, 29–0తో ఓడిన స్విట్జర్లాండ్ పతకం కోసం ఆడుతుంది. ఓడించినవాడి పేరు ఎంత పని చేస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

మూడోది కొంచెం కష్టం. వెండి ఫైనల్లో చెకోస్లోవేకియా అమెరికాను ఓడించిందనుకోండి. ఇప్పుడు కాంస్యానికి కెనడా చేతిలోనో చెకోస్లోవేకియా చేతిలోనో ఓడినవి కావాలి: అమెరికా, స్వీడన్, అంతే. స్విట్జర్లాండ్‌కు చోటు లేదు, ఎందుకంటే అమెరికాకు వెండి రాలేదు. కానీ అమెరికా, స్వీడన్ 27ననే ఆడేశాయి, 7–0. మళ్ళీ ఆడించాలా, పాత ఫలితమే తీసుకోవాలా? వెండి పట్టికలో పాత మ్యాచ్ మళ్ళీ రాదని పైన చెప్పుకున్నాం. కాంస్యం పట్టికకు ఆ హామీ లేదు.

మీరే ఒక పోటీ నడపాలంటే

సంక్రాంతికి వాలీబాల్ గాని కబడ్డీ గాని నాకౌట్‌లో పెట్టేచోట, బలమైన రెండు జట్లు మొదటి రోజే ఎదురుపడి ఒకటి వెళ్ళిపోతే జనం నొచ్చుకుంటారు. లీగ్ పెట్టాలంటే ఏడు జట్లకు 21 మ్యాచ్‌లు, రోజులు చాలవు. బెర్గ్వాల్ పద్ధతి ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది.

ఎనిమిది జట్లతో లెక్క ఇలా పడుతుంది. బంగారానికి ఏడు మ్యాచ్‌లు. విజేత మూడు జట్లను ఓడించి ఉంటుంది కాబట్టి వెండి పట్టికలో ఎప్పుడూ మూడు జట్లే, రెండు మ్యాచ్‌లు. కాంస్యం పట్టిక పరిమాణం మాత్రం వెండి గెలిచిన జట్టును బట్టి మారుతుంది. ఆ జట్టు మొదటి రౌండులోనే విజేత చేతిలో ఓడినదైతే కాంస్యానికి రెండే జట్లు, ఒకే మ్యాచ్. సెమీస్‌లో ఓడినదైతే మూడు జట్లు, రెండు మ్యాచ్‌లు. ఫైనల్లో ఓడినదైతే నాలుగు జట్లు, మూడు మ్యాచ్‌లు. మొత్తం 10, 11 లేదా 12. మైదానం, రిఫరీలు, దీపాలు పన్నెండు మ్యాచ్‌లకు మాట్లాడి పెట్టుకోండి. ఎన్ని పడతాయో వెండి తేలేవరకు తెలియదు.

ఆంట్‌వెర్ప్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. వెండి అమెరికా గెలవడం వల్ల మొత్తం 10 అయ్యాయి. స్వీడన్ గెలిచి ఉంటే కాంస్యానికి అమెరికా, చెకోస్లోవేకియా, బెల్జియం, ఫ్రాన్స్ వచ్చి మొత్తం 11 అయ్యేవి. చెకోస్లోవేకియా గెలిచి ఉంటే 9తో ముగిసేది.

ఆటగాళ్ళు ఊరు వదలకుండా చూసుకోవడం ఇంకో పని. మొదటి రోజు ఓడిన జట్టుకు నాలుగు రోజుల తర్వాత కబురు వెళ్ళవచ్చు. ఓడగానే సామాను సర్దుకుని బస్సెక్కితే పట్టిక కూలిపోతుంది. ఈ చిక్కు ఎంత దూరం వెళ్ళగలదో ఆ ఏడాదే, ఆ ఊళ్ళోనే ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో కనిపించింది. సెప్టెంబర్ 2న బెల్జియంతో ఫైనల్లో 2–0 వెనకబడి ఉండగా చెకోస్లోవేకియా మైదానం వదిలి వెళ్ళిపోయింది, అనర్హత వేటు పడింది. వెండి కోసం మిగిలిన జట్లు ఆడుకున్నాయి. చివర్లో నెదర్లాండ్స్‌ను 3–1తో ఓడించి స్పెయిన్ వెండి తీసుకుంది. మధ్యలో వెళ్ళిపోయిన జట్టు ఏమవుతుందో, దాని చేతిలో ఓడినవాళ్ళ సంగతేమిటో మీ నియమాల్లో ముందే ఉండాలి.

అందుకే డ్రా తీసేముందు నాలుగు మాటలు కాగితం మీద రాయించి కెప్టెన్లందరి చేతా సంతకం పెట్టించండి. బై చివరగా ఆడిన జట్టుకు. ఒకే జట్టు రెండు రోజులు వరుసగా ఆడితే మూడో రోజు విశ్రాంతి. కాంస్యం పట్టికలో పాత మ్యాచ్ మళ్ళీ పడితే పాత ఫలితమే చెల్లుతుంది. మధ్యలో వెళ్ళిపోయిన జట్టు పేరు ఖాతాలో ఎడమ గడి నుంచి కొట్టేస్తారు, కుడి గడిలో మాత్రం ఉంచుతారు, ఎందుకంటే దాని చేతిలో నిజంగా ఓడినవాళ్ళ హక్కు దానితో పాటు పోకూడదు.